తొమ్మిదో డబ్బా

"ఇరవై రెండు నిమిషాలు," అన్నాడు గోవింద్, ట్యాబ్ మీద ఎర్ర చుక్కని వేళ్ళతో సాగదీసి చూపిస్తూ. "తొమ్మిదీ నలభై ఎనిమిది నుంచి పదీ పది దాకా బండి ఉప్పు మడుల దగ్గర కదల్లేదు. ఎనిమిది ఫోన్లు తీసేసి ఉప్పు పెట్టడానికి ఆ టైము చాలదా సర్?"

జగన్నాధం ఆ చుక్కకేసి చూడనైనా చూడలేదు. తపాలా శాఖలో ఇరవయ్యారేళ్ళు ఫిర్యాదుల ఇన్‌స్పెక్టరుగా పోయిన పార్సిళ్ళు వెతికి వెతికి, రిటైరయ్యాక విజయనగరంలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. దొంగతనమనే విద్య ఈ పదేళ్ళలో ఎంత దిగజారిందో తలుచుకుంటే అతనికి ఒళ్ళు మండుతుంది. పూర్వం పార్సిలు దొంగకి లక్కసీలు కరిగించడం తెలిసుండాలి, విప్పిన దారం ముడి మళ్ళీ అలాగే వెయ్యడం తెలిసుండాలి. ఇప్పుడు జానెడు టేపు ముక్క ఉంటే చాలు.

అతనికి ఆ టేపు కంటే గోవింద్ అంటే ఎక్కువ అసహ్యం వేసింది. గోవింద్‌ది గడప డాట్ కామ్ అనే ఆన్‌లైన్ అంగడిలో ఉద్యోగం. విశాఖపట్నం ఆఫీసులో విజిలెన్సు మేనేజరు. మెడలో పట్టీ, చేతిలో ట్యాబు, మోకాలి మీద మడిచిన దినపత్రిక. పోలీసు స్టేషన్లో ఒక మనిషి బతుకు తేలుతుంటే అతను పత్రికలో సుడోకు గళ్ళు నింపుతున్నాడు. అదీ ఆకుపచ్చ సిరా పెన్నుతో. గెజిటెడ్ ఆఫీసర్లు వాడే సిరా, ఆన్‌లైన్ కంపెనీ మనిషి జేబులో! ఏడు అంకె నడుముకి ఒక అడ్డగీత కూడా గీస్తున్నాడు.

"నాలుగింటిదాకా చూస్తాను," అన్నాడు ఎస్సై, గడియారం చూసుకుంటూ. పదింపావు అయింది. "ఆ తర్వాత ఎఫ్.ఐ.ఆర్. రాసి వీణ్ణి కోర్టుకి పంపించేస్తాను. మీరు పెద్దవారు కాబట్టి ఈ మాత్రం ఆగుతున్నా. నాలుగులోగా చేత్తో పట్టుకునేదేదైనా తెచ్చి చూపించండి. లెక్చర్లు మాత్రం వద్దు."

వీడు అన్నది బల్ల పక్కన నేలమీద కూర్చున్న ఎర్రన్నని. గడప వాళ్ళ నౌపడ కేంద్రంలో డెలివరీ మనిషి. కింది పెదవి చిట్లి వాచి ఉంది. అది పోలీసుల పని కాదు, భావనపాడు జనం పని. పోయిన గురువారం, అక్టోబరు ఆరున, ఎర్రన్న భావనపాడులో తొమ్మిది ఇళ్ళకి తొమ్మిది ఫోను డబ్బాలు అందజేశాడు. ఆదివారం నాడు ఎనిమిది డబ్బాలు విప్పితే ఎనిమిదింటిలోనూ ఉప్పే ఉంది. నిన్న అతను మళ్ళీ ఆ ఊరెళితే మత్స్యకారులు పట్టుకుని కుమ్మేసి స్టేషన్లో అప్పజెప్పారు.

"ఉప్పు మడుల దగ్గర ఎందుకు ఆగావు?" అని అడిగాడు జగన్నాధం.

"ఫోనొచ్చినాది బాబూ. ఆఫీసు నుంచన్నారు. అడ్రసులు మారినాయి, అక్కడే ఆగు, మళ్ళీ సేస్తాను అన్నారు. ఆగినాను."

"ఎన్నింటికి?"

"టైము సూడనేదు. బండి స్టాండేసి బీడీ ముట్టించినాను, రెండు బీడీలయినాయి. మళ్ళీ ఫోను సేసి, ఏటీ మారనేదు, ఎల్లిపో అన్నాడు."

"ఆ గొంతు ఎరుగుదువా?"

"మన గొంతు కాదు బాబూ. పట్నం గొంతు. అండీ అండీ అంటాడు, గానీ ఆ అండీలో మర్యాద నేదు."

సుడోకు గడి మీద ఆకుపచ్చ పెన్ను ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

"కట్టుకథ. మా ఆఫీసు నుంచి డెలివరీ స్టాఫ్‌కి డైరెక్టు కాల్స్ వెళ్ళవు," అన్నాడు గోవింద్.

"నీ ఫోనేదిరా?" అన్నాడు జగన్నాధం.

ఎస్సై సొరుగులోంచి తీశాడు. అద్దం బీటలు వారి ఉంది, చార్జింగు చచ్చిపోయింది. అందులో ఆ రెండు కాల్సూ ఎన్నింటికి వచ్చాయో, ఏ నంబరు నుంచి వచ్చాయో ఉంటుంది. నిన్నటి నుంచీ ఈ వస్తువు సొరుగులో ఉంది, దాన్ని తీగకి తగిలించాలన్న బుద్ధి ఒక్కడికీ పుట్టలేదు. ఈ తరం వాళ్ళు అన్నీ ఫోన్లో చూస్తారు, చూడాల్సినప్పుడు మాత్రం చూడరు. "చార్జింగు పెట్టించండి," అన్నాడు జగన్నాధం. ఎస్సై అలాగేనని తలూపి మళ్ళీ సొరుగులోనే పెట్టాడు.

"మీ చుక్కని మీరు విశాఖలో కూర్చుని ఎప్పటికప్పుడు చూడొచ్చా?" అని గోవింద్‌ని అడిగాడు.

"లైవ్ ట్రాకింగ్ సర్! ఏ బండి ఏ సెకనుకి ఎక్కడుందో నా కుర్చీలోంచే కనబడుతుంది," అన్నాడు గోవింద్ గర్వంగా.

జగన్నాధం ఆ మాటని మనసులో భద్రంగా దాచుకున్నాడు. గొప్పలు చెప్పుకునేవాణ్ణి ప్రశ్నలతో విసిగించక్కర్లేదు, వాడే అన్నీ ఇస్తాడు.

బల్ల మీద ఎనిమిది ప్లాస్టిక్ సంచులు, ఒక్కొక్కటీ పిడికెడంత. జగన్నాధం ఒకదాని మూతి విప్పి ఉప్పుని వేళ్ళ మధ్య రాశాడు. తెల్లగా, మెత్తగా, పొడిపొడిగా జారిపోయింది.

"ఇది మడుల దగ్గర ఎత్తిన ఉప్పంటారా?"

"ఉప్పు ఉప్పే కదా సర్."

గదిలో ఉన్న ముగ్గురు కానిస్టేబుళ్ళూ తలెత్తి గోవింద్ వంక చూశారు. నౌపడ చుట్టుపక్కల పుట్టినవాడెవడూ అనే మాట కాదది. మడిలో ఉప్పు గరుకుగా, బూడిదరంగు పలుకులుగా ఉంటుంది. సంచిలో పోస్తే రెండో రోజుకి చెమ్మ పట్టి కారుతుంది. ఆ ఉప్పుని అట్టపెట్టెలో పెడితే వారం తిరక్కుండా అడుగు ఊడిపోతుంది. ఇది దుకాణంలో అమ్మే ప్యాకెట్ ఉప్పు.

"అయితే ప్యాకెట్ కొనుక్కెళ్ళాడు. ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది," అన్నాడు గోవింద్, ఏమాత్రం తొణక్కుండా.

"తూకం మాటేమిటి? డబ్బా మీద మీ చీటీలో నాలుగు వందల పద్దెనిమిది గ్రాములని ఉంది. నౌపడలో పార్సిలు దిగగానే కాటా పెడతారు. తొమ్మిదీ గ్రాము తేడా లేకుండా తూగాయని మీ కాగితమే చెప్తోంది. దారిలో మార్చేవాడికి తూకంతో పనేముంది? ఆ తర్వాత ఎవరూ తూచరు కదా. గ్రాములు లెక్కపెట్టి ఉప్పు పోసినవాడు నౌపడ కాటాకి భయపడ్డాడు. అంటే మార్పిడి నౌపడకి రాకముందే జరిగింది."

"అంకగణితం బాగుంది సర్," అన్నాడు గోవింద్ నవ్వుతూ. "కానీ మీ కాలం నాటి తపాలా లెక్కలు ఇప్పుడు నడవవు. మాకు డేటా కావాలి."

"మా కాలంలో దొంగని పట్టుకునేవాళ్ళం. మీరు డేటాని పట్టుకుంటున్నారు."

ఎస్సై విసుగ్గా చెయ్యెత్తాడు. "చేత్తో పట్టుకునేది తెమ్మన్నానండీ. ఉప్పుని ఏ జడ్జీ పట్టుకోడు."

"పార్సిళ్ళు తొమ్మిది. సంచులు ఎనిమిది. తొమ్మిదోదేది?"

ఈసారి ఆకుపచ్చ పెన్ను పూర్తిగా ఆగిపోయింది. "ఆ కస్టమరు నుంచి ఫిర్యాదు లేదు. హ్యాపీ కస్టమర్," అన్నాడు గోవింద్. అని, పత్రిక మడిచేసి, ఏదో కాల్ చేసుకోవాలని బయటికి నడిచాడు. నిమిషం తర్వాత కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.

వరండాలో ఎర్రన్న భార్య రాణి క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జగన్నాధాన్ని విజయనగరం వచ్చి పిలుచుకొచ్చింది ఆమే. తొమ్మిదో డబ్బా సంగతి అడగ్గానే లేచి నిలబడింది.

"అది లచ్చుమనమ్మత్తది బాబూ. హేపీయా పాడా! ఇంకా ఇప్పనేదు. ఆలమ్మాయి ఉష పురిటిలో ఉన్నాది గదా."

జగన్నాధం పదకొండున్నరకి హెడ్ కానిస్టేబుల్ నూకయ్యని సాక్షిగా అడిగి వెంటబెట్టుకుని, రాణితో కలిసి ఆటో ఎక్కాడు.

దారిలో అతనికి నిన్న సాయంత్రమంతా చదివిన రివ్యూలు గుర్తొచ్చాయి. గడప డాట్ కామ్‌లో వస్తువు కొన్నవాళ్ళు కింద రాసే ముచ్చట్లు అవి. అంత చెత్త ఒక్కచోట చదవడం ఇరవయ్యారేళ్ళ ఫిర్యాదుల ఉద్యోగంలోనూ జరగలేదు. ఒకడు రాస్తాడు: ఫోను ఇంకా రాలేదు, కానీ బొమ్మలో చాలా బాగుంది, అయిదు స్టార్లు. ఇంకొకడు: ఫోనుకి బదులు ఉప్పు వచ్చింది, ప్యాకింగు మాత్రం అద్భుతం, నాలుగు స్టార్లు. దాని కింద కంపెనీ జవాబు: మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. చింత ఎవరిదో తెలీదు, పేరుండదు. జగన్నాధం కూడా ఒకసారి అక్కడ చెప్పులు కొన్నాడు, రెండూ ఎడమకాలివే వచ్చాయి. తిప్పి పంపిస్తే రెండూ కుడికాలివి వచ్చాయి. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవాల్సిన దేశం, దసరా సేల్ అనగానే మధ్యాహ్నం రెండింటికి గడియారం ముందు కూర్చుని నాలుగు సెకన్లలో అమ్ముడైపోయే ఫోను కోసం తన్నుకు చస్తోంది.

అయితే ఆ చెత్తలో అతనికి మూడు మాణిక్యాలు దొరికాయి. జూన్‌లో పార్వతీపురం నుంచి, జూలైలో సాలూరు నుంచి, ఆగస్టులో పలాస నుంచి ఉప్పు వచ్చిందంటూ రివ్యూలు. ఆ ఊళ్ళ స్టేషన్లకి ఫోన్లు చేసి అడిగితే, మూడు చోట్లా డెలివరీ మనిషే దొంగని తేల్చారట. మూడు చోట్లా వాణ్ణి పట్టుకున్న ఘనుడు ఒక్కడే, గోవింద్. పట్టుకున్నందుకు కంపెనీ అతనికి మేనేజరు కుర్చీ ఇచ్చింది. ఎర్రన్న నాలుగోవాడు.

"ఆదివారం దాకా ఆ ఎనిమిది మందీ ఎందుకు ఆగారమ్మా?" అని రాణిని అడిగాడు, తెలిసినా నూకయ్య వినాలని.

"కొత్త వలయినా, కొత్త పడవయినా గంగమ్మ తల్లికి సూపించకుండా ముట్టరు బాబూ. ఇప్పుడు ఫోనూ అంతే. ఆదోరం నాడు అందరూ గుడికాడికి అట్టుకెల్లి, పసుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడిప్పినారు. ఒకలెనకాల ఒకలికి ఉప్పే. అమ్మోరికి కోపమొచ్చినాదని ఆడోలు ఏడుపు."

కంపెనీ వాళ్ళ నిబంధన ఇంకా బాగుంది. డబ్బా అందిన నలభై ఎనిమిది గంటల్లోగా ఫిర్యాదు చెయ్యాలి, విప్పేటప్పుడు వీడియో తీసి ఉండాలి. మొదటి ఫోను కొనుక్కునేవాడు దాన్ని విప్పడాన్ని వీడియో తియ్యడానికి ముందు ఇంకో ఫోను కొనుక్కోవాలన్నమాట. ఇంత తెలివి ఒక్క బుర్రలో పుట్టి ఉండదు, దీనికి కనీసం ఒక మీటింగు పెట్టుకుని ఉంటారనుకున్నాడు జగన్నాధం.

పన్నెండూ పదికి లక్ష్మణమ్మ ఇంటి ముందు ఆటో దిగేసరికి గోవింద్ కారు అక్కడే ఉంది. అతను గుమ్మం బయట నిలబడి, కొత్త ఫోను డబ్బా ఒకటి చేత్తో పైకెత్తి చూపిస్తున్నాడు. గుమ్మంలో నడుముకి చెంగు బిగించి లక్ష్మణమ్మ నిలబడి ఉంది. చేపల బేరాల్లో రాటుదేలిన మనిషి, బెదిరిపోయే రకం కాదు.

"అమ్మా, మీ పాత డబ్బా ఇచ్చెయ్యండి, ఈ కొత్తది తీసుకోండి. ఒరిజినల్. ఫ్రీగా కవరు కూడా ఇస్తున్నాం. ఇక్కడ సంతకం చాలు." జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీశాడు.

"నాను అడగనేదు గదా బాబూ, ఏల మారుస్తావు?"

"అది మా కంపెనీ సర్వీసమ్మా."

"నా సేప బాగానే ఉన్నాదంటే నువ్వొచ్చి మార్చి ఇంకో సేప ఇస్తానంటావేటి? ఇలాటి సర్వీసు ఎక్కడా సూడనేదు."

జగన్నాధం వెనక నుంచి వచ్చి ముందు నిలబడ్డాడు. "ఫిర్యాదు లేని కస్టమరుకి మార్పిడి దేనికి గోవింద్ గారూ? హ్యాపీ అన్నారుగా."

గోవింద్ మొహంలో మర్యాద కాస్త చెదిరింది. "ఇది కంపెనీ ప్రాపర్టీ. ఎవిడెన్స్. వెనక్కి తీసుకునే హక్కు మాకుంది. మీకు ఇక్కడ ఏ హోదా ఉందని మాట్లాడుతున్నారు? తపాలా పెన్షనరు!"

"అవును. నెలనెలా పెన్షను తీసుకుని, దొంగతనం చెయ్యని మనిషిని. డబ్బు కట్టి కొన్నాక ఆ డబ్బా ఆమెది. ఎవిడెన్సంటారా, మీ ఎదురుగానే విప్పుదాం. భయమేముంది?"

"విప్పకూడదు," అన్నారు ఇద్దరు ఒకేసారి. ఒకడు గోవింద్. రెండోది లక్ష్మణమ్మ.

జగన్నాధం ఆమెకేసి తిరిగాడు. ఇంటి లోపల వాసానికి వేలాడదీసిన వలసంచిలో అట్టపెట్టె కనబడుతోంది. సీలు చెక్కుచెదరలేదు. మూలగా మంచం మీద ఉష పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఆమె మొగుడు గుజరాత్‌లో వేరావలు రేవులో పడవ మీద పనిచేస్తున్నాడు. పిల్ల మొహం అతనికి ఫోన్లో చూపించాలనే ఈ కొనుగోలంతా.

"పురుడింట్లో కొత్త వస్తువు ఇప్పకూడదు బాబూ. తగువులాడకండి, నాను ఇప్పనియ్యను," అంది లక్ష్మణమ్మ.

"నా పెనిమిటి జైలుకెల్లిపోతాడత్తా," అంది రాణి. "నాలుగ్గంటలకి అట్టుకుపోతారంట."

లక్ష్మణమ్మ రాణిని ఎగాదిగా చూసింది. ఆదివారం నాడు ఎర్రన్నని తిట్టినవాళ్ళలో ఆమె గొంతే అందరికంటే పెద్దది.

"పురుడెన్నాళ్ళయింది?" అని మెల్లిగా అడిగాడు జగన్నాధం.

"ఈయేళకి పదకొండు. పొద్దున్నే స్నానమైనాది. పసుపునీళ్ళు జల్లేసినాం."

"అయితే గుడికి తీసుకెళ్ళొచ్చా?"

ఆమె ఆలోచించింది. "ఎల్లొచ్చు. అమ్మోరి ముందర ఇప్పితే తప్పు నేదు. పదండి. ఒసే ఉషా, సంచి దించవే."

పసుపూ కొబ్బరికాయా తెచ్చి, మిగతా ఎనిమిది మందికీ కబురంపేసరికి గంట పట్టింది. అంతసేపూ అక్కడే తచ్చాడిన గోవింద్ ఇక ట్యాబ్ మూసేశాడు. "నేను హెడ్డాఫీసుతో మాట్లాడాలి. మీరు కానివ్వండి," అని కారెక్కాడు. ఒంటిగంటా ఇరవై అయింది. దుమ్ము రేపుకుంటూ పోతున్న ఆ కారుని చూసి జగన్నాధం మీసాల చాటున నవ్వుకున్నాడు. పారిపోతున్నాడు, పారిపోనీ, పారిపోయిన దొంగ సగం ఒప్పుకున్నట్టే అనుకున్నాడు.

గంగమ్మ గుడి అంటే సముద్రం ఒడ్డున నాలుగు గోడలు, ఒక రేకు. వేట నుంచి వచ్చిన మగవాళ్ళూ వలలు బాగుచేస్తున్నవాళ్ళూ చుట్టూ మూగారు. మోసపోయిన ఎనిమిది మందీ వచ్చారు. లక్ష్మణమ్మ డబ్బాని అమ్మవారి ముందు పెట్టి పసుపు బొట్టు పెట్టింది. చేపలు తూచే ఆమె ఎలక్ట్రానిక్ కాటాని జగన్నాధం ముందే తెప్పించాడు. డబ్బా దాని మీద పెడితే నాలుగు వందల ఇరవై చూపించింది. చేపల కాటాకి రెండు గ్రాములు ఒక లెక్క కాదు.

"నూకయ్యా, రాసుకో. ఒంటిగంటా నలభై రెండు. సీలు సరిగా ఉంది. అడుగు అట్ట పొడిగా ఉంది."

కళ్ళజోడు పెట్టుకుని టేపు చూశాడు. పైన కంపెనీ టేపు. దాని అంచుల కింద, వెంట్రుకవాసి బయటికి, మరో టేపు అంచు. ఒకసారి కోసి, మళ్ళీ దాని మీదే అతికించారు. బ్లేడుతో మెల్లిగా పైకి లేపాడు.

లోపల ప్లాస్టిక్ సంచిలో ఉప్పు. జనంలోంచి ఒక్కసారిగా గోల లేచింది. లక్ష్మణమ్మ మాత్రం అరవలేదు. చిటికెడు తీసి నాలిక్కి రాసుకుని ఊసేసింది.

"ఇది మన ఉప్పు కాదు. మొన్న ఎనిమిది మందీ ఇదే సెప్పినారు. ఎస్సై బాబు ఇన్నాడేటి? ఆడోలకేటి తెలుస్తాదన్నాడు."

జగన్నాధానికి ఉప్పుతో పనిలేదు. సంచి కదలకుండా చుట్టూ కుక్కిన కాగితం కోసం వచ్చాడతను. మిగతా ఎనిమిది డబ్బాల్లోనూ ఇలాంటి కాగితం ఉండే ఉంటుంది. ఆదివారం నాడే పొయ్యిల్లోకి పోయింది. ఫోను విప్పినవాడెవడూ చిత్తుకాగితం వంక చూడడు. దొంగ లెక్క అంతే. పార్సిలు చేతికందిన అయిదో నిమిషంలో చింపేసే పట్నం కస్టమర్లని చూసి వేసుకున్న లెక్క అది. డబ్బాని వాసానికి కట్టి అమ్మవారి అనుమతి కోసం ఎదురుచూసే మనుషులుంటారని వాడి ట్యాబ్‌లో ఎక్కడా రాసి ఉండదు.

ఉండలా నలిపిన ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. దినపత్రిక జిల్లా పేజీ. నెత్తిమీద విశాఖపట్నం అని ఉంది. తారీఖు అక్టోబరు నాలుగు, మంగళవారం.

"నూకయ్యా, మీ స్టేషనుకి ఏ జిల్లా పేజీలు వస్తాయి?"

"శ్రీకాకుళం పేజీలు బాబూ. విశాఖవి ఇక్కడెక్కడొస్తాయి?"

"ఎర్రన్న చేతికి పార్సిలు వచ్చింది ఆరో తారీఖున. నాలుగో తారీఖున ఇది విశాఖలో ఉంది. ఆ ఊరి పేపరు, ఆ రోజు పేపరు, సీలు లోపల. ఎర్రన్న ఉప్పు మడుల దగ్గర రెండు బీడీలు కాదు, కట్ట మొత్తం కాల్చినా ఈ కాగితం వాడికి దొరకదు."

రాణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. జగన్నాధం కాగితాన్ని రెండో వైపుకి తిప్పాడు. కింద మూలన సుడోకు గళ్ళు, సగం నింపి ఉన్నాయి. ఆకుపచ్చ సిరా. ఏడంకెలు నాలుగున్నాయి. నాలుగింటి నడుముకీ అడ్డగీత ఉంది.

నూకయ్య వంగి చూసి నోరు తెరిచాడు. పొద్దున్న స్టేషన్లో ఆ పెన్ను కదలడం అతనూ చూశాడు. "ఈడేనా బాబూ!"

"వీడే. దొంగని పట్టుకుంటే ప్రమోషనిస్తారు. అందుకని దొంగల్ని తనే తయారుచేసుకుంటున్నాడు. విశాఖలో ఫోన్లు తీసి ఉప్పు పెట్టడం, డెలివరీ మనిషి బండి చుక్కని కుర్చీలోంచి చూస్తూ, ఉప్పు మడులు రాగానే ఫోను చేసి ఆపడం. సుడోకు గళ్ళు నింపినంత శ్రద్ధగా చేశాడు, వెధవ."

పంచనామా రాయించి, ముగ్గురు సాక్షుల చేత సంతకాలు చేయించి, ఆ పత్రిక కాగితాన్ని లక్ష్మణమ్మ ఇచ్చిన చేపల పాలిథీన్ సంచిలో పెట్టేసరికి రెండూ నలభై అయింది. నాలుగింటికి ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. జగన్నాధం ఎస్సైకి ఫోను చేశాడు.

"ఆఁ, నేనే చేద్దామనుకుంటున్నానండీ," అన్నాడు ఎస్సై హుషారుగా. "మీకిక శ్రమ లేదు. కంపెనీ వాళ్ళు ఫిర్యాదు వాపసు తీసుకున్నారు. గోవింద్ గారు స్వయంగా వచ్చి కాగితం రాసిచ్చారు. ఎఫ్.ఐ.ఆర్. లేదు, ఏమీ లేదు. ఎర్రన్నని వదిలేశాను."

"ఎన్నింటికి?"

"రెండూ అయిదుకి. పాపం, దెబ్బలు తిన్నాడని ఆయనే కార్లో ఇంటి దగ్గర దింపుతానన్నారు. మంచివాడేనండీ, మీరు ఊరికే అనుమానించారు."

"వాడి ఫోను?"

"అదీ ఇచ్చేశాను. చార్జింగు ఎక్కించా కూడా, మీరు చెప్పారుగా."

రెండు కాల్సు. ఆ నంబరు, ఆ గొంతు విన్న ఒకే ఒక్క మనిషి. రెండింటినీ ఎస్సై చేతులారా గోవింద్ కార్లో ఎక్కించాడు. ఎస్సైని తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాడు జగన్నాధం. ఒంటిగంటా ఇరవైకి దుమ్ము రేపుకుంటూ పోతున్న కారుని చూసి మీసాల చాటున నవ్వుకున్నది ఎస్సై కాదు. పారిపోతున్నాడనుకుని మురిసిపోయిన ముసలి గాడిద తనే.

"వదిలేసినారా బాబూ?" రాణి మొహం వెలిగిపోతోంది. సగం మాటలే వినబడ్డాయి ఆమెకి. "ఇంటికెల్లిపోనాడా?"

"మీ అత్తకి ఫోను చెయ్యమ్మా."

చేసింది. ఎర్రన్న తల్లి దాలమ్మ గొంతు పక్కవాళ్ళకి కూడా వినబడింది: "రానేదే. నీతోటి గానీ ఉన్నాడేటి?" స్టేషను నుంచి నౌపడలో ఆ ఇంటికి కారులో పావుగంట. ముప్పై అయిదు నిమిషాలు గడిచిపోయాయి. రాణి మొహంలో వెలుగు అలాగే ఉంది, కళ్ళలో మాత్రం భయం వచ్చింది. ఆమె ఏమీ అడగకుండా మొగుడి నంబరు నొక్కింది. మోగింది. జగన్నాధం ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అటువైపు ఎత్తారు. గాలి హోరు వినబడుతోంది. దూరంగా ఎవరో మూలుగుతున్నట్టుంది.

"నమస్కారమండీ," అంది మర్యాద లేని ఆ అండీ. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. తొమ్మిదో డబ్బాలో మా కాగితం ఒకటి పొరపాటున మీకు వచ్చేసిందండీ. దాన్ని తెచ్చిచ్చి మీ మనిషిని తీసుకెళ్ళండి. ఎక్స్‌ఛేంజ్ ఆఫర్. అయిదింటి వరకే ఉంటుందండీ, ఆ తర్వాత స్టాకుండదు. అడ్రసు మీకు తెలుసు కదా, ఇరవై రెండు నిమిషాలు ఎక్కడ ఆగాడో అక్కడికే."